తలుపుల్లేని బండి

మా ఇంట్లో కారు ఉండేదంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఖరగ్‌పూర్లో రైల్వే క్వార్టరు మాది. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో కుళాయి. ఆ కుళాయి పక్కనే పాత స్లీపరు దుంగలు నిలబెట్టి పైన రేకులు కప్పిన పాక. అందులో కారు. చూసినవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. దానికి తలుపుల్లేవు, పైకప్పు లేదు, వెనక సీటు లేదు. ఇద్దరు ఇరుక్కుని కూర్చుంటే మన ముడ్డికీ నేలకీ మధ్య జానెడు ఎడం ఉంటుంది, అంతే. వెనకవైపు ఇద్దరు మగాళ్ళు పట్టుకుంటే లేచిపోయేంత తేలిక. రోడ్డెక్కడానికి నంబరు కూడా లేదు. మరి దేనికమ్మా ఈ బండి అని ఇరుగుపొరుగు అడిగితే, మా ఆయన్నే అడగండి అనేదాన్ని.

మా ఆయన ఇంజను డ్రైవరు. పెళ్ళికి ముందు, అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో, ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర పనిచేశాడు. ఆ పెద్దమనిషికి ఇంగ్లండులో ఉన్న అన్న ఈ కారుని విడి ముక్కలుగా చెక్కపెట్టెల్లో పెట్టి ఓడలో పంపాడట. ఇంటి దగ్గర మనమే బిగించుకునే రకం. గొట్టాల చట్రం వచ్చింది, అల్యూమినియం రేకులు వచ్చాయి, ఏ ముక్క ఎక్కడ పెట్టాలో బొమ్మలొచ్చాయి. ఇంజను మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. ఆయన సగం బిగించి, ఇక ఈ దేశంలో ఉండనని ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, ఆ సగం బండినీ పెట్టెల్నీ మా ఆయనకి వదిలేశాడు. నేను శ్రీకాకుళం వైపు నుంచి కాపరానికి వచ్చేసరికి వంటింట్లో గిన్నెల కంటే పాకలో పానాలు ఎక్కువున్నాయి. డ్యూటీ దిగి వచ్చి, ఇంత గంజి తాగి, నిద్రపోవాల్సిన మనిషి ఆ బండి కింద దూరేవాడు. కలకత్తాలో తుక్కుకి పోతున్న టాక్సీ ఇంజను తెచ్చి దానికి అమర్చాడు. మాకు పిల్లల్లేరు. ఉంటే దానికంత మర్యాద జరిగేది కాదేమో.

దాన్ని తోలే చోటు ఊరికి దూరంగా సాల చెట్ల అడవిలో ఉండేది. యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి వేసిన రన్‌వే, పాడుబడిపోయింది. చలికాలంలో కలకత్తా నుంచి కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు అక్కడికి వచ్చేవాళ్ళు. పందెం కాదు. ఒకరి తరవాత ఒకరు ఎవరి బండి వాళ్ళు తోలుకుని, ఎంత జోరుగా పోతుందో చూసుకుని మురిసిపోయి, సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు రాని ఆదివారాలు కూడా మా ఆయన వెళ్ళేవాడు. తాల్‌బగీచాలో ఉండే స్నేహితుడికి లారీ ఉంది. పలకలేసి కారుని దాని మీదికి ఎక్కించి తీసుకుపోయేవాళ్ళు. ఒక్కోసారి నన్నూ తీసుకెళ్ళేవాడు. వెయ్యి టన్నుల బండిని లాగే మనిషి ఈ చిన్నదాన్లో కూర్చుని గాలికి ఎగిరే జుట్టుతో నవ్వుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకూ ముద్దుగానే ఉండేది.

ఎనభైల చివర్లో ఆయన కళ్ళు చెడ్డాయి. ముందు కనిపెట్టింది నేనే. కంచంలో అన్నం తింటాడు, పక్కన వేసిన పచ్చడి ముట్టడు. అడిగితే, ‘ఎయ్యనేదు కదే’ అంటాడు. గుమ్మం పక్కన పెట్టిన నీళ్ళ బిందెని రోజూ తన్నేవాడు. నేను బిందె చోటు మార్చి ఊరుకున్నాను. రైల్వే డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి కంటి పరీక్ష ఉంటుంది. అందులో దొరికిపోయాడు. నీటికాసులన్నారు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు కనిపించవు, పోయింది తిరిగి రాదు, ఉన్నదైనా నిలవాలంటే చుక్కలు వేసుకోండి అని డాక్టరు చెప్పాడు. ఇంజను మీంచి దించేసి ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో పిలిచి చెప్పే పని. తన చెయ్యి కింద పని నేర్చుకున్నవాళ్ళని పేరు పెట్టి పిలిచి ఇంజనెక్కించి, తను ఇంటికొచ్చేవాడు.

నేను ఏడవలేదు. ప్రాణమైతే ఉంది కదా అనుకున్నాను. కానీ ఆదివారం పొద్దున్న లారీ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది.

“ఏటయ్యా, ఎక్కడికి?” అన్నాను మా ఆయనతో.

“ఎక్కడికేటి? ఎప్పుడూ ఎల్లే సోటికే.”

“కళ్ళు?”

“అక్కడ సిగ్నళ్ళు నేవు, ఎదురు బండి నేదు. ఎదరకి సూస్తే సాలు. ఎదర నాకు సక్కగా కనపడతాది.”

ఆ మాటలో అబద్ధం లేదు, అదే నా ఖర్మ. ఎదరంతా చక్కగా కనిపించేది. కానీ అడవిలో ఉన్న ఊళ్ళవాళ్ళకి ఆ రన్‌వే అడ్డదారి. ఆకులేరుకునే ఆడవాళ్ళు, ఆవులు, మేకలు, అన్నీ పక్కల నుంచే వస్తాయి. ఎదర నుంచి వచ్చేది గాలి ఒక్కటే.

ఆ చలికాలంలోనే మేకపిల్లని గుద్దేశాడు. గుద్దినట్టు ఆయనకి తెలియను కూడా తెలియలేదు. లారీ స్నేహితుడు పరిగెత్తి ఆపాడు. మేక తాలూకు ముసలామె, అడవిలో ఉండే సంతాలు జాతి మనిషి, వచ్చి ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టినా బాగుండును. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇవాళ మేకపిల్ల, రేపు ఎవరి పిల్ల? ఆయన్ని పోలీసులు పట్టుకుపోయేది ఎప్పుడు? లేదా చెట్టుకి గుద్దుకున్న మనిషిని నేను లారీలో వేసుకుని వచ్చేది ఎప్పుడు? నాకు రాత్రిళ్ళు అన్నం సహించేది కాదు. ఆ బండి మా ఇంట్లోంచి పోవాలి. అదొక్కటే మొక్కుకున్నాను. అక్కడి మన తెలుగువాళ్ళు అమ్మవారికి చేసే మాతా పూజకి ఘటం ఎత్తి నడిచినా, నోట్లో ఉన్న మొక్కు అదే.

అమ్మేద్దామంటే ఆయనకి దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఇంజను ప్లగ్గు విప్పి బియ్యం డబ్బాలో దాచాను. ఇంకోటి తెచ్చుకున్నాడు. కోపం కూడా పడలేదు, ‘ఆ డబ్బాలోది తీసెయ్యే, బియ్యానికి నూనె అంటుకుంటాది’ అన్నాడు. ఖరిదా బజారు నుంచి తుక్కు ఇనుము కొనేవాణ్ణి పిలిపించాను. ఊరికే పట్టుకుపో నాయనా అన్నాను. మా ఆయన వచ్చి కార్లో ఎక్కి కూర్చున్నాడు. ఉలకడు, పలకడు. తుక్కువాడు కాసేపు బండినీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, తల గోక్కుని, బేరానికి వచ్చింది మనిషితో సహానా అన్నట్టు నా వైపు చూశాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పనిగట్టుకుని కలకత్తా నుంచి ఒకరిద్దరు నిజంగా కొనేవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళని రన్‌వేకి తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని, ప్రాణాలు తోడేసేలా తోలేవాడు. దిగినవాళ్ళు తెల్లగా పాలిపోయి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళి మరి రాలేదు. అదే ఆయనకి కావలసింది.

ఇక నేనే ఎక్కాను. ఆపలేనప్పుడు పక్కనుండడం తప్ప ఆడదానికి ఏం దారి ఉంటుంది? ఇంజను మీద ఒక పద్ధతి ఉంది. సిగ్నలు కనిపించగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు తన కళ్ళతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరూ అంటేనే అది మాట. నేను కారెక్కిన మొదటి రోజు కోపంతో మూతి ముడుచుకుని కూర్చున్నాను. బండి కదిలి కాస్త దూరం పోయి ఆగిపోయింది.

“ఏటయింది?”

“నువ్వు పలకనేదు.”

“నేనెందుకు పలకాల?”

“పక్కనున్నోడు పలక్కపోతే ఎర్ర కిందే లెక్క. ఇంజనైనా అంతే, ఇదైనా అంతే. ఎక్కినావు కదా, అసిస్టెంటువి. దారి బాగుంటే పచ్చ అను. ఏటన్నా వస్తే ఏ పక్కో సెప్పు.”

అలా నా నోరు ఆయన కన్నయింది. ‘పచ్చ’ అంటే ‘పచ్చ’ అనేవాడు. ‘ఎడమ ఆవు’ అంటే ‘ఎడమ ఆవు’ అని వేగం తగ్గించేవాడు. ఆవు ఆయనకి కనిపించదు, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా చూసినట్టే చెప్పేవాడు. ఇంజను మీద ముప్పై ఏళ్ళు చూడకుండా ఒక్క రంగు పలకని మనిషి! ఆ అబద్ధం ఆయన నోట వినడం నాకు మేకపిల్ల కంటే ఎక్కువ బాధగా ఉండేది. పైగా నేను పలుకుతున్నానన్న ధీమాతో ఇంకా జోరుగా తోలేవాడు. ఒక్కసారి నేను తుమ్మితే చాలు, ఇద్దరం పోతాం. ఇంటికొచ్చాక గొంతు బొంగురుపోయి వంట కూడా చేయబుద్ధయ్యేది కాదు.

తొంభైల మొదట్లో, చలి వెళ్ళిపోతున్న రోజుల్లో, కలకత్తా నుంచి ఒక బెంగాలీ ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, బట్టతల, నెమ్మదస్తుడు. ఇదివరకు రన్‌వే మీద ఈ బండిని చూశాడట, అప్పటి నుంచి మనసు దీని మీదే ఉందట. బండి మోసుకుపోవడానికి చిన్న లారీ కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ లారీని చూసేసరికి నా ప్రాణం లేచొచ్చింది. ధర దగ్గర పేచీ లేదు. మా ఆయన కూడా సరే అన్నాడు.

“తోలి సూపిత్తాను. పక్కన కూసోమను. ఆ తరవాత కొంటే కొననీ.”

ఆ ‘కొంటే కొననీ’ ఏమిటో నాకు తెలుసు. వచ్చినవాణ్ణి మళ్ళీ దడిపించి పంపాలి. అందుకోసం ఇవాళ ఎన్నడూ లేనంత జోరుగా తోలతాడు. సీట్లు రెండే. నేనుండను. పలికేవాళ్ళుండరు. రన్‌వే చేరేదాకా స్నేహితుడి లారీలో నాకు ఒకటే ఆలోచన. ఆ బెంగాలీ ఆయన్ని పక్కకి పిలిచి, ‘బాబూ, మా ఆయనకి పక్కలు కనిపించవు, ఎక్కకు’ అని చెప్పెయ్యాలి. చెబితే బండి కొంటాడో మానతాడో, మనిషైతే బతుకుతాడు. కానీ మా ఆయన అక్కడే, బండి రేకుని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయన ముందు ఆ మాట అనడం నా వల్ల కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టిన నాడే సగం చచ్చాడు. మిగతా సగం నా చేత్తో చంపలేను.

“దాదా,” అన్నాను నాకొచ్చిన హిందీ బెంగాలీ కలిపి. “ఈ బండికి ఒక నియమం ఉంది. పక్కన కూర్చున్నవాళ్ళు కనిపించిందల్లా గట్టిగా అరిచి చెప్పాలి. దారి ఖాళీ అయితే హరా అనాలి. ఏమన్నా వస్తే ఏ వైపో చెప్పాలి. చెప్పకపోతే ఆయన తోలడు. ఇంజను డ్రైవరు కదా, అలవాటు.”

ఆయన నవ్వాడు. “ఠీక్ ఆఛే, బౌదీ.” సరే వదినా అన్నాడు.

మా ఆయన విన్నాడు. గుడ్డ మడత పెట్టి సీటు కింద పెట్టాడు. నా వైపు చూడలేదు.

బండి వెళ్ళింది. నేనూ లారీ స్నేహితుడూ ఈ కొసన నిలబడ్డాం. ఆ కొసదాకా పోయి తిరిగొచ్చేటప్పుడు గాలిలో బెంగాలీ ఆయన కేకలు వినిపించాయి. హరా, హరా, దాయినే గాయ్. పచ్చ, పచ్చ, కుడివైపు ఆవు. మా ఆయన గొంతు వెనకే. చంటిపిల్లాడిలా సరదా పడి అరుస్తున్నాడు ఆ పెద్దమనిషి. కాస్త ఊపిరి తీసుకున్నాను. రెండో తడవ మా ముందు నుంచి రివ్వున పోయింది బండి. ఇంత జోరు నేనెప్పుడూ చూడలేదు. కొంత దూరం హరా అన్న మాట వినిపించింది. తరవాత ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఎడమవైపు చెట్లలోంచి ఒక పడుచు మనిషి నెత్తిన ఆకుల కట్టతో రన్‌వే మీదికి వచ్చింది. కట్ట బరువుకి తల దించుకుని నడుస్తోంది. అరిచాను. నా అరుపు ఎక్కడికి చేరుతుంది? పరిగెత్తాను. చీర కాళ్ళకి చుట్టుకుంటే దోపుకుని పరిగెత్తాను. అమ్మా తల్లీ, నా కళ్ళు తీసుకుని ఆయనకి ఇవ్వు, ఇప్పుడే ఇవ్వు అని పిచ్చిదానిలా అనుకుంటూ పరిగెత్తాను. టైర్లు కీచుమన్న చప్పుడు. బండి అడ్డంగా జారి, వెనక్కి తిరిగినంత పనై ఆగింది. ఆకుల కట్ట కింద పడింది. మనిషి నిలబడే ఉంది.

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి చెదిరిన ఆకులు ఏరుకుంటోంది, బండి ఎడమ చక్రం పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. మా ఆయన మాత్రం స్టీరింగు పట్టుకుని ఎదరకే చూస్తున్నాడు. పక్కాయన మీద హిందీలో విసుక్కుంటున్నాడు.

“ఎందుకు చెప్పలేదు? ఎందుకు ఊరుకున్నావు?”

“జోరు చూస్తూ మరిచిపోయాను దాదా,” అన్నాడు బెంగాలీ ఆయన. మొహాన నెత్తురు చుక్క లేదు. “ఎంత మంచి పని చేశారు! ఆ అమ్మాయి వస్తున్నట్టు నేను చూడనే లేదు. మీరు చూసి ఆపారు.”

“ఏ అమ్మాయి?” అన్నాడు మా ఆయన.

బెంగాలీ ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు, తరవాత నా వైపు చూశాడు. అర్థమైపోయింది. మా ఆయన తల మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. ఎడమవైపు, ఇంకా ఎడమవైపు, మెడంతా తిప్పితే గానీ ఆయన చూపు ఆ అమ్మాయి చేతి మీద పడలేదు. పడ్డాక అలాగే ఉండిపోయాడు. అంత దగ్గర మనిషి ఉంటుందని ఆయన అనుకోలేదు.

దిగాడు. నేల మీద మోకాళ్ళేసి ఆ అమ్మాయితో పాటు ఆకులేరడం మొదలెట్టాడు. తల ఇటూ అటూ తిప్పుకుంటూ, ఒక్కొక్క ఆకూ వెతుక్కుంటూ ఏరాడు. ఆ అమ్మాయి కట్ట కట్టుకుని, ఎత్తి నెత్తిన పెట్టమన్నట్టు చూస్తే, నేను పెట్టాను. తన దారిన తను వెళ్ళిపోయింది.

మా ఆయన తాళం తీసి బెంగాలీ ఆయన చేతిలో పెట్టాడు. “తీసుకుపో,” అన్నాడు. “నాకు కళ్ళు లేవు. నువ్వు పలకలేదు కాబట్టి ఆపాను. అంతే.”

కళ్ళు లేవన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

వాళ్ళు బండిని బెంగాలీ ఆయన లారీ మీదికి ఎక్కిస్తుంటే సాయం పట్టలేదు, దూరంగా నిలబడ్డాడు. పలకల మీద చక్రాలు ఎక్కిన చప్పుడు విన్నాక మాత్రం కేకేసి చెప్పాడు, మొదట్లో క్లచ్చి కొంచెం పట్టేస్తుంది, చలిలో రెండోసారికి గానీ స్టార్టవదని. బెంగాలీ ఆయన వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. “పక్కన ఎవరినో ఒకర్ని కూర్చోబెట్టుకో,” అన్నాడు మా ఆయన.

నా మొక్కు తీరింది. ఎన్నేళ్ళ నుంచో కావాలనుకున్నది జరిగింది. స్నేహితుడి లారీలో ఇంటికి వస్తుంటే ఆనందపడదామనుకున్నాను, కుదరలేదు. కొంగు నోట్లో కుక్కుకుని దారి పొడుగునా ఏడ్చాను. ఆయన నా పక్కనే, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ లారీ ఎగిరెగిరి పడుతోంది.

స్నేహితుడికి వేరే పనుంది. మమ్మల్ని పూరీ గేట్ అనే రైలు గేటు దగ్గర దింపి వెళ్ళాడు. గేటు వేసి ఉంది. సైకిళ్ళు, రిక్షాలు, కూరల తోపుడుబళ్ళు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఆగున్నాయి. ఎన్నేళ్ళు ఈ గేటు ఆయన కోసం పడింది! ఇదే జనాన్ని ఆపి, ఇదే పట్టాల మీద కూత వేసుకుంటూ పోయేవాడు. ఆ రోజు జనంలో నిలబడి ఇంకెవరి బండో పోయేదాకా చూశాడు. బండి పోయింది. గేటు లేచింది. అందరూ ఒక్కసారి తోసుకుంటూ కదిలారు.

ఆయన కదల్లేదు. వెనక రిక్షావాడు గంట కొడుతున్నాడు. ‘ఓ దాదా, చలో చలో’ అని ఎవరో తిట్టారు. ఒక సైకిలు భుజం రాసుకుని పోయింది. కోపమొచ్చి మొండికేశాడేమో అనుకున్నాను. మొహం చూస్తే కోపం లేదు. తల కొంచెం నా వైపు వంచి, చెవి పెట్టి ఉన్నాడు. కారు దిగాక, నేల మీద, నడిచేచోట, ఆయన నా మాట కోసం ఆగడం అదే మొదలు. నాకు ఏడుపుతో గొంతు పెగలడం లేదు. నేను పలికేదాకా ఆయన అక్కడే ఉంటాడు, ఎవరెంత తోసినా ఉంటాడు.

కొంగుతో మొహం తుడుచుకున్నాను.

“పచ్చ,” అన్నాను.

“పచ్చ,” అని అడుగు వేశాడు.